ప్రోటోకాల్, ఆట, అక్షరం: అలెగ్జాండర్ గ్యాలోవే మాధ్యమ సిద్ధాంతం – ఒక పరిశీలన

1. ప్రవేశిక:

అంతర్జాలానికి కేంద్రం లేదు కనుక అందులో అధికారానికి తావుండదన్న నమ్మకం 1990ల దశకంలో బలంగా వినిపించింది. ఆ నమ్మకాన్ని సాంకేతిక స్థాయిలో ప్రశ్నించినవారిలో అమెరికన్ సిద్ధాంతకర్త అలెగ్జాండర్ గ్యాలోవే ముఖ్యుడు. ‘ప్రోటోకాల్’ (2004), ‘గేమింగ్’ (2006), యూజీన్ థాకర్‌తో కలిసి రాసిన ‘ది ఎక్స్‌ప్లాయిట్’ (2007) – ఈ మూడు గ్రంథాలను ఒకే వాదంగా చదివి, ఆ వాదపు బలాన్నీ పరిమితినీ నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నియమమే నియంత్రణ:

ఫూకో వర్ణించిన క్రమశిక్షణా సమాజం స్థానంలో నియంత్రణ సమాజం రూపొందుతున్నదని డెల్యూజ్ 1990లో ప్రతిపాదించాడు. గ్యాలోవే ఆ భావనకు యంత్రరూపాన్ని చూపాడు. టీసీపీ/ఐపీ నియమాలు ఏ రెండు కంప్యూటర్ల మధ్యనైనా సంభాషణకు వీలు కల్పిస్తాయి. చిరునామాల పేర్లను నిర్వహించే డీఎన్ఎస్ వాటన్నింటినీ తలకిందుల చెట్టులా ఒకే మూలం కింద అమరుస్తుంది. మొదటిది అధికారాన్ని పంచుతుంది, రెండవది శ్రేణీకరిస్తుంది. ఈ రెండింటి కలయికే ప్రోటోకాల్. దాన్ని అంగీకరించనివారికి శిక్ష ఉండదు; సంబంధమే ఉండదు. నిషేధించే అధికారం కంటే, పాల్గొనే షరతులను నిర్ణయించే అధికారం బలమైనదన్న ఈ గ్రహింపు గ్యాలోవే ప్రధానమైన చేర్పు.

3. ఆటలోని భావజాలం:

‘సివిలైజేషన్’ ఆట జాతులకు స్థిరలక్షణాలను అంటగడుతుందన్న విమర్శను గ్యాలోవే కాదనడు. అయితే భావజాలం బొమ్మల్లోకంటే లెక్కల్లో ఉన్నదంటాడు. నాగరికతలన్నీ అక్కడ చలరాశులుగా మారుతాయి. ఆటగాడు చరిత్రను నేర్చుకోడు, అల్గారిథమ్‌ను ఒంటబట్టించుకుంటాడు.

వాస్తవికత గురించిన చర్చ ఇంకా పదునైనది. అమెరికా సైన్యం 2002లో విడుదల చేసిన ‘అమెరికాస్ ఆర్మీ’ని, సిరియాలో తయారై పాలస్తీనా యువకుడిని నాయకుడిగా నిలిపిన ‘అండర్ యాష్’తో పోలుస్తాడు. దృశ్యం ఎంత సహజంగా ఉన్నా అది వాస్తవికత కాదనీ, ఆటకూ ఆటగాడి సామాజిక జీవితానికీ పొంతన కుదిరినప్పుడే వాస్తవికత సిద్ధిస్తుందనీ నిర్ధారిస్తాడు. ఒకే ఆట ఒకచోట వాస్తవం, మరొకచోట వినోదం కాగలదన్నమాట. ఇక్కడ సిద్ధాంతం ఆడేవారి స్థలాన్ని లెక్కలోకి తీసుకున్నది.

4. అక్షరం వద్ద పరిమితి:

ఆటగాడి విషయంలో పాటించిన ఈ స్థలస్పృహ ప్రోటోకాల్ చర్చలో అంత బలంగా కనిపించదు. నియమం అందరికీ ఒకటే కావచ్చు. దాన్ని చేరుకునే దూరం ఒకటి కాదు. డీఎన్ఎస్ మొదట ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడ్డగీతతోనే పేర్లను అనుమతించింది. నేడు ‘.భారత్’ అని తెలుగులో రాసినా, లోపల అది రోమన్ సంకేతాల వరుసగా మారిన తర్వాతే ప్రయాణిస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అయితే ఆ అమరిక భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడి చట్రంగా రూపొందిన ఇస్కీని అనుసరించింది. అందువల్ల వత్తుకు విడిగా సంకేతం లేదు. పొల్లు, హల్లు కలిస్తేనే వత్తు.

2018 ఫిబ్రవరిలో ఈ దూరం బయటపడింది. ‘జ్ఞా’ అక్షరం మధ్యలో, కంటికి కనిపించని విభాజక సంకేతం చేరిన ఒక వరుస ఐఫోన్లలోని యాప్‌లను స్తంభింపజేసింది. చదువరికి అది ఒక అక్షరం. యంత్రానికి అయిదు సంకేతాలు. లోపం అక్షరాలను తెరపై కూర్చే ప్రోగ్రాముది. ఇతర భారతీయ లిపుల్లోని కొన్ని సంయుక్తాలకూ అది వర్తించింది. ప్రచారంలో మాత్రం నింద ‘తెలుగు అక్షరం’ మీద పడింది. ఇతరుల ఫోన్లను ఆపడానికి దాన్ని పంపినవారూ ఉన్నారు.

జాలంలో ప్రతిఘటన అంటే ఎదురు నిలవడం కాదు, నియమంలోని రంధ్రాన్ని వెతికి ఉపయోగించుకోవడమని గ్యాలోవే, థాకర్ వాదించారు. ఈ ఘటనలో రంధ్రం దొరికింది; రాజకీయం పుట్టలేదు. కంపెనీ సవరణతో లోపం పూడింది. తెలుగు వంటి లిపులను ఎవరు, ఎంత శ్రద్ధతో పరీక్షిస్తున్నారన్న ప్రశ్న మిగిలిపోయింది. రంధ్రాన్ని కనుగొన్నంత మాత్రాన అది ప్రతిఘటన కాదు. నియమాన్ని రాసే చోట భాగస్వామ్యం అడిగినప్పుడే దానికి రాజకీయార్థం ఏర్పడుతుంది.

5. ముగింపు:

డిజిటల్ మాధ్యమాల అధ్యయనం కథ, పాత్ర, దృశ్యాల వద్ద ఆగరాదని గ్యాలోవే నిరూపించాడు. తెలుగు పరిశోధకులకు ఈ పాఠం అవసరం. అయితే నియమాన్ని చదివేటప్పుడు అది ఏ భాషను సహజమని భావించి మొదలైందో కూడా చదవాలి. ఆటల వాస్తవికతకు ఆయన వర్తింపజేసిన కొలమానాన్ని ప్రోటోకాల్‌కూ వర్తింపజేయడమే ఆ సిద్ధాంతానికి సరైన కొనసాగింపు. ఫాంటు, కీబోర్డు, సంకేతపట్టిక సాంకేతిక నిపుణుల విషయాలు మాత్రమేనన్న అభిప్రాయం సాహిత్య విభాగాల్లో ఉన్నంతకాలం, భాష భవిష్యత్తును నిర్ణయించే చోట భాషావేత్తల కుర్చీ ఖాళీగానే ఉంటుంది.