డొక్కల లెక్క

కుందేలు నోరులేని జీవి అనుకుంటారు చాలామంది. ఇంట్లో పెంచేవాళ్లకు తెలుసు, రోజంతా ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది. నుదురు నిమిరితే మెల్లగా పళ్లు నూరుతుంది, హాయిగా ఉందని. మూలన ముడుచుకు కూచుని అవే పళ్లు గట్టిగా నూరితే ఎక్కడో నొప్పి. కొత్తిమీర కట్ట విప్పగానే కాళ్ల చుట్టూ గుర్‌గుర్‌మంటూ తిరుగుతుంది. ఆదమరిచి నిద్రపోతే కొన్ని గురక కూడా పెడతాయి, మరీ ముఖ్యంగా మొహం పొట్టిగా ఉండే జాతులు. ఇన్నిట్లో డాక్టరు దగ్గరికి పరిగెత్తించే చప్పుడేదో పోల్చుకోవడమే కష్టం.

నేనైతే చప్పుడు విని తేల్చను. ఊపిరి తీసుకోవడానికి అది ఎంత కష్టపడుతోందో చూస్తాను. ముక్కులో గరగరలాడుతూనే ఇల్లంతా గంతులేసే కుందేళ్లున్నాయి. న్యుమోనియా ముదిరినా చిన్న సవ్వడైనా లేకుండా మూలన కూచునేవీ ఉన్నాయి. అడవిలో నీరసంగా కనిపించినదే ముందు వేటకు చిక్కుతుంది కాబట్టి జబ్బును దాచుకోవడం కుందేలు పుట్టుకతోనే నేర్చింది.

మనకు ముక్కు మూసుకుపోతే నోటితో గాలి పీల్చుకుంటాం. దానికి ఆ వీలు లేదు. గొంతులో శ్వాసనాళం మీద ఉండే మూత అంగిలికి పైన, ముక్కు వైపు అమరి ఉంటుంది. ఊపిరికి ముక్కొక్కటే దారి. అలాంటిది తల పైకెత్తి, మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తోందంటే ఆ దారి ఇక చాలడం లేదన్నమాట. పెదవులో నాలుకో నీలంగా మారినా అంతే. అర్ధరాత్రైనా సరే, బయల్దేరాల్సిందే.

మొన్నామధ్య రాత్రి మా అక్క కూతురు తన కుందేలు మల్లి గురించి ఫోన్ చేసింది.

"పిన్నీ, మల్లి ముక్కులోంచి ఈల వేసినట్టు వస్తోంది. గురకేలే పడుకో అంటున్నారు ఈయన."

"మెలకువగా ఉన్నప్పుడూ వస్తోందా?"

"ఆఁ, ఇప్పుడు కూచునే ఉంది."

"ముందరి కాళ్లు లోపలి పక్క చూడమ్మా."

కాసేపాగి చెప్పింది. "బొచ్చంతా అట్టకట్టింది పిన్నీ, రెండు కాళ్లకీ."

ఈల కంటే ఆ బొచ్చే నాకు ఎక్కువ చెప్పింది. కుందేలు చీమిడిని ముందరి కాళ్లతో తుడిచేసుకుంటుంది. ముక్కు చూస్తే శుభ్రంగానే ఉంటుంది, గుట్టంతా కాళ్ల లోపలి పక్కన బయటపడుతుంది. వీడియో తీయమన్నాను, మొహాన్ని వదిలేసి డొక్కను. ముక్కు అదరడాన్ని ఊపిరి లెక్కలో వేయకూడదు. అది వాసనలు పట్టడానికీ అదురుతుంది, నెమ్మదిస్తే ఆగిపోతుంది. డొక్క ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే నిమిషం లెక్క వస్తుంది. కుదురుగా కూచున్న కుందేలుకు అది 30 నుంచి 60 మధ్య ఉండాలి.

మల్లికి 52 వచ్చింది. డొక్కలు ఎగరేయడం లేదు. పెంటికలు పడుతున్నాయి, కొత్తిమీర తింది, ఎండుగడ్డి మాత్రం ముట్టలేదు. తెల్లారగానే తీసుకెళ్లమన్నాను. ఈలోగా తిండి పూర్తిగా మానేసినా, పొట్టతో సహా ఎగదీస్తూ ఊపిరి పీల్చినా ఆగొద్దన్నాను.

తిండి గురించి అంతగా గుచ్చి అడగడానికి కారణముంది. ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, నములుతూ గాలి పీల్చుకోవడం కష్టమవుతుంది. దాంతో తిండి మానేస్తుంది. ఒక పూట పొట్టలో ఏమీ పడకపోతే చాలు, పేగుల కదలిక మందగిస్తుంది. పన్నెండు గంటలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ముక్కులో మొదలైన జబ్బు చివరికి పొట్ట దగ్గర చంపుతుంది.

మల్లికి తీసిన ఎక్స్‌రేలో పై దవడ పంటి వేరు ముక్కుదారిలోకి ఒత్తుతోందని తేలింది. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. అరగడానికి చాలినంత ఎండుగడ్డి నమలకపోతే వేర్లు వెనక్కి పెరిగి ముక్కునూ కన్నీటి గొట్టాన్నీ నొక్కుతాయి. పాశ్చురెల్లా లాంటి బాక్టీరియా వల్లా ఇదే చీమిడి, ఇవే తుమ్ములు వస్తాయి. అందుకే ముక్కు జబ్బని తీసుకెళ్లినా పళ్లు చూడమని అడగాలి.

గడ్డి దులిపినప్పుడు ఒకటి రెండు తుమ్ములకూ, నీళ్లు తాగి చీదినందుకూ కంగారు అక్కర్లేదు. మంచి నిద్రలో గురక పెట్టి, లేవగానే ఆగిపోతే అదీ ఫర్వాలేదు. తుమ్ములు ఎక్కువైతే ముందు గది చూడండి. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ, ఫినాయిల్, రోజూ మార్చని పక్కలోంచి లేచే మూత్రపు ఘాటు, ఇవన్నీ ఆ చిన్న ముక్కును మండిస్తాయి. అవి తీసేసినా మర్నాటికి తగ్గకపోతే డాక్టరే.

మన ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. కుందేలుకు చెమట పట్టదు, వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకోవాలి. గది 30 డిగ్రీలు దాటితే ఊపిరి వేగం పెరుగుతుంది. చల్లటి గదిలోకి మార్చి, తడిగుడ్డతో చెవులు తుడవాలి. చన్నీళ్లలో ముంచవద్దు. చల్లబడ్డాక కూడా ఎగశ్వాస తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిల్లలకు వాడగా మిగిలిన సిరప్పు పట్టించడం మాత్రం దయచేసి మానండి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ కుందేలు పేగుల్లోని మంచి బాక్టీరియాను చంపి దాని ప్రాణమే తీయగలదు.

మన ఊళ్లలో చాలా క్లినిక్కులకు కుక్కలూ పిల్లులే అలవాటు. కుందేళ్లను చూస్తారా, ఆక్సిజన్ ఉందా అని అది బాగున్న రోజుల్లోనే ఫోన్ చేసి కనుక్కుని పెట్టుకోండి. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు గాలాడే బుట్టలో తువ్వాలు పరిచి కూచోబెట్టండి, వెల్లకిలా పట్టుకోవద్దు. ఊపిరాడని కుందేలును తెలిసిన డాక్టరు వెంటనే పట్టుకుని పరీక్షించడు. ముందు ఆక్సిజన్ పెట్టి కాసేపు వదిలేస్తాడు. అప్పుడు తొందరపెట్టకండి. ఇంట్లో తీసిన వీడియో ఆయనకు చూపించండి, కొత్తచోట బల్ల మీద ఆ ఈల వినిపించకపోవచ్చు.

మందులు వాడాక మల్లి గడ్డి తింటోంది గానీ ఈల పూర్తిగా పోలేదు, ఆ పంటి వేరు అక్కడే ఉంది మరి. మా అక్క కూతురు ఇప్పుడు వారం వారం బరువూ, డొక్కల లెక్కా ఒక నోటుబుక్కులో రాసుకుంటోంది. ఈల ఎప్పటిలాగే ఉండి లెక్క యాభై దగ్గరే ఉంటే ఊరుకుంటుంది. లెక్క పెరిగినా, బరువు తగ్గినా, వేసిన గడ్డి వేసినట్టే మిగిలినా ఆ పూటే బుట్ట తీస్తుంది.