మురికి మొత్తం వినాలి

నేను వాడే మ్యూజిక్ యాప్ ఈ వారం ఉన్నట్టుండి ‘లాస్‌లెస్’ ఆప్షన్ ఇచ్చింది, అంటే ధ్వనిలో ఏ కోతా లేని శుద్ధమైన ఫైలు. అదనంగా పైసా అక్కర్లేదట. ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే, ‘ప్యూర్’ అని రాసి ఉంటే చాలు, నెయ్యి డబ్బా మీదైనా సరే, నాకు అనుమానం. అందులోనూ గ్రంజ్ లాంటి గరుకు రాక్ సంగీతానికి శుద్ధి దేనికి? నిర్వాణా బ్యాండ్ మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ (1989) సియాటిల్‌లో జాక్ ఎండినో చేతిలో దాదాపు 606 డాలర్లకే రికార్డయింది. ఆ సొమ్ము కట్టిన జేసన్ ఎవర్‌మన్, అందులో ఒక్క తీగైనా మీటకపోయినా, అట్ట మీద గిటారిస్టుగా వెలిశాడు. అలాంటి సరుకుకి గంధం పూయాలా?

సరే, వాళ్లదే ‘నెవర్‌మైండ్’ (1991) లాస్‌లెస్‌లో పెట్టాను. చివర్లో వచ్చే ‘సమ్‌థింగ్ ఇన్ ద వే’ దగ్గర ఆగిపోయాను. లాస్ ఏంజెలెస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో బ్యాండంతా కలిసి వాయిస్తే ఆ పాట కుదరలేదు. గాయకుడు కర్ట్ కొబేన్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి, సోఫాలో వెనక్కి వాలి, ‘ఇదిగో, ఇలా ఉండాలి’ అన్నట్టు గొణుగుతూ పాడాడు. నిర్మాత బుచ్ విగ్ ఫోన్ మోగకుండా చేసి, ఫ్యాన్ ఆపేసి, అక్కడే మైకులు పెట్టి రికార్డు చేశాడు. గిటారు శ్రుతిలో లేదు. తర్వాత వచ్చిన చెల్లో కళాకారుడు కిర్క్ కానింగ్ దానికి తగ్గట్టు తన వాద్యాన్ని సర్దుకోవడానికి తంటాలు పడ్డాడు. డ్రమ్ములు బాదడమే అలవాటైన డేవ్ గ్రోల్‌ని మెల్లగా, ఇంకా మెల్లగా అంటూ అదుపు చేయాల్సి వచ్చింది. ఇన్ని పాట్లు పడ్డ గొణుగుడును నేను ఏళ్ల తరబడి సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3లో విన్నాను. సీడీలో ఉండేది 1,411.

చెవికి పట్టవనుకున్నవాటిని ఎంపీ3 పారేస్తుంది. వేణువు స్వరం లాంటి క్రమమైన ధ్వని చిన్న ఫైలులోనూ ఇమిడిపోతుంది. డిస్టార్షన్ గిటారు, సింబల్స్ మాత్రం దాదాపు రొద. రొదను కుదించడమే కష్టం. 128లో సింబల్స్ నీళ్లలో మునిగి మోగినట్టుంటాయి. అంటే లాస్‌లెస్ అవసరం నున్నటి సంగీతానికన్నా ఈ గరుకు సంగీతానికే ఎక్కువ.

అయితే లాస్‌లెస్ వల్ల మిక్సింగ్ మారదు. మరో గ్రంజ్ బ్యాండ్ పెర్ల్ జామ్ ఆల్బమ్ ‘టెన్’కి 1991లో టిమ్ పామర్ చేసిన మిక్స్‌లో ప్రతిధ్వని ఎక్కువ. 2009లో బ్రెండన్ ఓబ్రయన్ మళ్లీ మిక్స్ చేసి ఆ ప్రతిధ్వనిని ఆరబెట్టాడు. నా ఓటు పాతదానికే. ఏది విన్నా, లాస్‌లెస్‌ని వైరున్న హెడ్‌ఫోన్స్‌తో వినండి. బ్లూటూత్‌లో చాలావరకు దారిలో మళ్లీ కోత పడుతుంది.