విప్పి మళ్లీ బిగించగలిగే ఇల్లు

జనగామలో గానీ మహబూబాబాద్‌లో గానీ కిరాయికి ఇల్లు చూసేవాళ్లు ముందుగా అడిగేవి మూడే: బోరు ఉందా, అటాచ్డ్ బాత్రూమ్ ఉందా, బండి ఎక్కడ పెట్టుకోవాలి? "నిజాం కాలం నాటి ఇల్లు" అనగానే బేరం కిందికి దిగుతుంది. న్యూయార్క్‌లో దీనికి తలకిందులు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు కట్టిన ఫ్లాటైతే ఆ సంగతి ప్రకటనలో మొదటే వేస్తారు. ఎత్తైన కప్పు, మందపాటి గోడ, విశాలమైన గదులు అంటే అక్కడ మోజు. ఆ గుణాలన్నీ ఉన్న లంకంత ఇళ్లు మన పాత బజార్లలో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి.

నిజాం రైల్వే 1886లో వరంగల్ చేరింది, 1889కల్లా బెజవాడ దాకా సాగింది. పాత బజార్లున్న జనగామ, మానుకోట (మహబూబాబాద్) రెండూ ఆ లైను మీది ఊళ్లే. భూపాలపల్లి కథ వేరు. బొగ్గు గనులతో పెరిగిన ఊరు కాబట్టి అక్కడ కంపెనీ క్వార్టర్లు, సిమెంటు పోర్షన్లే ఎక్కువ. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. బదిలీ మీద వచ్చే ఉద్యోగికి పాత భవంతిలో ఒక భాగం కిరాయికి దొరికితే, సామాను దించేముందు ఒక పూట ఆ పనితనం చూడటానికి కేటాయించడం మంచిది.

దర్వాజతో మొదలుపెట్టండి. బరువైన టేకు రెక్కలు రెండు. ఇనుప బందుల కోసం వెతికితే చాలా పాత తలుపులకు కనిపించవు. రెక్క అంచు చెక్కనే పైనా కిందా బొడిపెలా మిగిల్చి, కడపలోనూ పైకమ్మిలోనూ తొలిచిన గుంటల్లో నిలబెట్టారు. తలుపు బరువంతా కింది గుంట మీదే. తుప్పు పట్టేదేమీ లేదు, మరలు వదులయ్యేదీ లేదు. కిర్రుమంటే గుంటలో రెండు చుక్కల నూనె వేస్తే సరిపోతుంది. ద్వారబంధం మూలల్లో ఒక చెక్క నాలుక రెండో చెక్క బెజ్జంలో దూరి, అడ్డంగా దిగిన చెక్కమేకుతో బిగిసి ఉంటుంది. పైకమ్మి మీది పూలూ చిలకలూ అందరికీ కనిపిస్తాయి. వడ్రంగి అసలు నేర్పు మాత్రం వెంట్రుక దూరని ఆ మూల అతుకులోనే ఉంది.

లోపలికి వస్తే నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, చుట్టూ స్తంభాల వరస, వాటి వెనక అర్రలు. ప్రతి స్తంభం కిందా ఒక రాతి దిమ్మె. నేల చెమ్మ చెక్కకు ఎక్కకుండా ఆపేది అదే. చెద పాకినా రాయి మీద మట్టి దారి కట్టుకోవాలి కాబట్టి వెంటనే కంట పడుతుంది. స్తంభం తల మీద రెండు వైపులా చేతులు చాచిన చెక్కదిమ్మె ఉంటుంది. సొగసుగా చెక్కి ఉండటంతో అలంకారమనుకుంటాం. దూలం ఆధారం లేకుండా సాగే దూరాన్ని అది రెండు కొసలా తగ్గిస్తుంది. చూడటానికి సింగారమే, చేసేది మోత పని.

పైన గూన పెంకు. కుమ్మరి సారె మీద ఒక కొస సన్నగా గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా చీల్చి, వాములో కాల్చినది. ఒక వరస వెల్లకిలా, దాని సందుల మీద ఇంకో వరస బోర్లా. మేకు ఉండదు, సున్నం ఉండదు, తన బరువుతోనే నిలుస్తుంది. వాన లోపలి వాకిట్లోకి జారి మోరీ గుండా వెళ్లిపోతుంది. ఎండాకాలంలో వేడిగాలి పెంకుల సందుల్లోంచీ వాకిలి మీదుగానూ పైకి పోతుంది.

గోడలది డంగు సున్నం. సున్నం, ఇసుక కలిపి గుండ్రటి కాలువలో పోసి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద మెత్తగా నూరేవారు. బెల్లంనీళ్లు, కరక్కాయ రసం కలపడం వాడుక. ఈ సున్నం గాలి పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. పట్టిన చెమ్మను బయటికి వదిలేస్తుంది కూడా. దాని మీద సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. పాత ఇల్లు పాడైందని నిందపడేది తరచూ ఆ కొత్త పూత చేసిన చేటుకే.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఒకటుంది. కట్టినవాళ్లు రిపేరు వస్తుందని ముందే ఒప్పుకుని కట్టారు. పెంకు పగిలితే ఆ ఒక్క పెంకే మారుతుంది. వాసం పుచ్చితే పెంకులు దించి దాన్నొక్కటే తీయొచ్చు. చెక్కమేకు కొట్టి బయటికి తీస్తే దర్వాజ కూడా విడివడుతుంది. స్లాబులో చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటే పగులుతుంది, అలా విడిగా తీసి మార్చే వీలుండదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కోతుల మంద ఒక్క పూటలో కప్పంతా చిందరవందర చేస్తుంది. పెంకులు సర్దే మనిషి దొరకడం కష్టం. బాత్రూమ్ పెరట్లో ఉంటుంది. అందుకే కిరాయినామాలో ఇంకో రెండు మాటలు రాసుకోవాలి: ఏటా మిరుగానికి ముందు పెంకులు తిరగేయించే ఖర్చు ఎవరిది, సున్నపు గోడకు సిమెంటు తగలనివ్వకుండా చూసే పూచీ ఎవరిది. వడ్రంగి, కుమ్మరి, సున్నం పనివాడు తమ వంతు ఎప్పుడో చేసి వెళ్లారు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది ఇంటి యజమాని, కిరాయిదారు.