హర్షక్షయము: లిసియో తెరేసా స్వచరిత్ర విమర్శనము

ధాతుపాఠమున గ్లై, మ్లై ధాతువులకు హర్షక్షయ మర్థముగా నిర్దేశింపఁబడినది. ఆ నిర్దేశమున దుఃఖశబ్దము లేదు. ఇష్టవస్తువు నష్టమైనపుడు కలుగునది శోకము. వస్తువులన్నియు యథాస్థానమున నుండఁగనే వానియందలి రుచి యడుగంటుట గ్లాని. ఆలంకారికులు దీనిని వ్యభిచారిభావములలోఁ జేర్చి, వచ్చి పోవుదానినిగాఁ దలఁచిరి. కాని యొక్కొక యింట నది వచ్చి పోక, తల్లినుండి బిడ్డలవఱకు నేదో యొక రూపమున నిలుచుట కలదు. అట్టి యింటి కథ ఫ్రాన్సుదేశమునందలి లిసియో నగరపు కార్మెల్ మఠవాసిని తెరేసా (1873–1897) రచించిన స్వచరిత్రమున నున్నది. ‘ఒక యాత్మచరిత్రము’ అను పేర 1898లో వెలువడిన యీ గ్రంథము పుష్పోపమానములతో నిండిన ముగ్ధభక్తికృతిగాఁ గతోలికలోకమునఁ బ్రసిద్ధి కెక్కినది. ఆ ప్రసిద్ధి యర్ధసత్యము.

ముందుగాఁ బాఠవిచారము. తెరేసా మూఁడు రచనలను మువ్వుర నుద్దేశించి వ్రాసినది. మొదటిది అప్పటి మఠాధ్యక్షురాలును తన యక్కయు నగు పోలీన్ యానతిని 1895లో నారంభింపఁబడినది. రెండవది 1896లోఁ బెద్దక్క మరీకి వ్రాయఁబడినది. మూఁడవది 1897లోఁ బిదప నధ్యక్షత వహించిన మరీ ద గొంజాగ్ కొఱకు వ్రాయఁబడినది. గ్రంథకర్త్రి మరణానంతరము పోలీన్ ఈ మూఁటిని గలిపి, యొక్కరి నుద్దేశించిన యేకగ్రంథముగాఁ గూర్చి, భాషను దిద్ది, ఇంటి ముచ్చటలఁ గొన్నింటిని దొలఁగించి, కఠినోక్తులను మృదువు చేసినది. దిద్దుట కామెకు గ్రంథకర్త్రి యనుమతి యుండెను. కావునఁ బరిష్కర్త్రిని నిందించుట తగదు. అయినను మూలప్రతుల ఛాయాముద్రణము 1956లో వెలువడిన పిమ్మట, 1898 నాఁటి పాఠమునే ప్రమాణముగాఁ గొని యీ కృతిని మెచ్చుటయుఁ దప్పే, తెగడుటయుఁ దప్పే. తల్లి జేలీ లేఖలును బిమ్మటఁ బ్రకటితములైనవి. ఈ రెండింటిని జేర్చి చదివినఁ గాని యీ యింటి హృదయము బోధపడదు.

జేలీ (1831–1877) ఆలాంసోన్ పురమున లేసుల వ్యాపారము నడపినది; భర్త లూయీ మార్టిన్ (1823–1894) గడియారముల పనివాఁడు. వీరికిఁ గలిగిన తొమ్మండుగురు సంతానములో నలువురు పసితనముననే చనిపోయిరి. తన బాల్యము నిరానందముగా గడచె నని జేలీ సోదరునకు వ్రాసినది. భక్తి గలవారికి దిగు లుండరా దను నియమ మీ లేఖలలోఁ గానరాదు. అలసటను అలసట యనియు, భయమును భయ మనియుఁ జెప్పి, యాపై లేసు బేరమును, పిల్లల జ్వరమును, దేవాలయపూజను బ్రస్తావించుట యామె పద్ధతి. బాధను దాఁచక పేరుపెట్టి చెప్పుటయే ఓర్పునకుఁ దొలిమెట్టని యీ లేఖలవలనఁ దెలియుచున్నది.

తల్లి మరణించునప్పటికిఁ దెరేసాకు నాలుగేండ్లు. నాఁటినుండి తన యుల్లాసస్వభావము మాఱి, పిఱికితనమును గన్నీరును దన్ను వీడ లేదని యామెయే వ్రాసినది. తల్లిగా నెంచిన పోలీన్ 1882లో మఠము చేరఁగా, మఱుసటి వసంతమున వైద్యులకు సైతము దురూహ్యమైన వ్యాధి యామెను బట్టినది. 1883 మే 13వ తేదిని మరియమాత ప్రతిమ చిఱునవ్వు నవ్వఁగాఁ దాను స్వస్థురాల నైతి నని యామె విశ్వాసము. సామాన్యపాఠకు లిచ్చట నాఁగుదురు. దాని తరువాతి భాగమే ముఖ్యము. తాను నిజముగా వ్యాధిగ్రస్తురాలనా, లేక నటించితినా యను శంక యామెను బహుకాలము వేధించినది. కార్మెల్ మఠము చేరిన పిదప మాత్రమే యది శమించినది. మనోవ్యాధి గలవారిని వ్యాధికంటె నీ శంకయే యెక్కువగా దహించు నను సత్యమును దైవానుగ్రహకథ నడుమ నింత నిష్కపటముగాఁ జెప్పుట సామాన్యము గాదు.

తండ్రి కథ మఱింత కఠినము. ధమనీరోగమున బుద్ధి చలించిన లూయీ 1889 ఫిబ్రవరి 12వ తేదిని కాన్ నగరమునందలి మనోవ్యాధిచికిత్సాలయమునఁ జేర్పఁబడి, 1892 మే నెలవఱకు నచ్చటనే యుండెను. కొమార్తెలు మఠములు చేరుటచేతనే తండ్రికి మతి చెడె నని లోకులు చెప్పుకొనిరి. సెలీన్, లెయోనీలు కొంతకాల మా నగరముననే వసించి తండ్రిని గనిపెట్టిరి. ఇల్లు చేరిన పిదప సెలీన్ మరణపర్యంత మాయనకు శుశ్రూష చేసినది. ఆ మూఁడేండ్లును గుటుంబమునకు మిక్కిలి ఫలవంతము లని తెరేసా యెంచినది. ఇది కొమార్తె మాట. రోగి మాట కాదు. బాధ యనుభవించినవాని పక్షమున నింకొకరు దాని ఫలమును లెక్కించుట ప్రమాదకర మని చెప్పక తప్పదు. ఈ గ్రంథమునందలి దోష మిదియే.

1896 ఈస్టరు పండుగనాళ్ళనుండి మరణమువఱకుఁ దెరేసా క్షయరోగపీడితురాలై, పరలోక మున్నదా యను చీఁకటిలోఁ గాలము గడపినది. దీనిని గొందఱు కేవలము యోగిజనానుభవ మనియు, మఱికొందఱు కేవలము వ్యాధి యనియు వాదింతురు. విషాదము, అవసాదము అను శబ్దములు రెండును సద్ధాతుజన్యములే. వి యను నుపసర్గమునందలి యికారము నిమిత్తముగా మొదటిదానియందు సకారము షకారమైనది. అవ యను దానియం దట్టి నిమిత్తము లేమి సకారము నిలిచినది. ధాతు వొక్కటి యైనను నిమిత్తభేదమున రూపము భేదించును. ఒకే యింట తండ్రి కుంగుటకు శరీరధాతువిపర్యాసము నిమిత్తము. కొమార్తె చీఁకటికి శరీరరోగముతోఁ గూడిన విశ్వాసపరీక్ష నిమిత్తము. వైద్యుఁడు చేయవలసినది గురువును, గురువు చేయవలసినది వైద్యుఁడును జేయలేరు. తీవ్రబాధతో నున్న రోగుల చెంత విషౌషధముల నుంచవలదని యామె హెచ్చరించినట్లు పోలీన్ లిఖించినది. మనుష్యునకు మతి తప్పుట కొక్క క్షణము చాలు నని యెఱిఁగిన దయార్ద్రమైన మాట యిది, తీర్పు కాదు. తీవ్రమైన మనోవ్యాకులత యాత్మహత్యయందలి బాధ్యతను దగ్గించు నని కతోలికధర్మబోధ 1992లోఁ జెప్పినదానికి నీ మాట యనుగుణముగా నున్నది.

తెరేసాకు 1925లోను, ఆమె తలిదండ్రులకు 2015లోను సిద్ధపద మీయఁబడినది. అందుచే నా యిల్లు నిత్యోత్సవగృహ మని భ్రమించుట కవకాశ మేర్పడినది. మూలపాఠ మా భ్రమను దొలఁగించును. ప్రార్థనచేఁ దండ్రి మతి తిరిగి రాలేదు; కడపటి చీఁకటియుఁ దొలఁగ లేదు. ఉత్తరము వ్రాయుట, వైద్యుని బిలుచుట, రోగి ప్రక్కను గూర్చుండుట, లోకనిందకుఁ జెదరకుండుట యను చిన్నపనులు మాత్ర మా యింట నెన్నఁడు నాఁగలేదు. అచ్చట హర్షము క్షయించినను స్నేహము క్షయింపలేదు. గ్రంథమున కాయువుపట్టు పుష్పోపమానములు గావు, ఇదియే.