లాభం, రెండు, మూడు

మా తాత కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనేవాడు కాదు. మొదటి కుంచం గోనెలో పోస్తూ ‘లాభం’ అనేవాడు. మళ్లీ రాశిలో ముంచి, నింపి, పైన తేలిన తాలూ గడ్డిపరకా తీసి పారేస్తున్నంతసేపూ ‘లాభం, లాభం, లాభం’ అని గొణుగుతూనే ఉండేవాడు. రెండోది పోశాక ‘రెండు, రెండు, రెండు’. ఆ సమయంలో ఊరి పెద్దమనిషి వచ్చి పలకరించినా తల ఊపడమే. నోట్లో అంకె ఉండగా మాట రానిస్తే లెక్క పోతుంది.

చాలా ఏళ్ల తర్వాత ఈ దృశ్యం నాకు ‘విశుద్ధిమగ్గ’లో ఎదురైంది. క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు శ్రీలంకలో కూర్చుని పాలీలో రాసిన గ్రంథం అది. బౌద్ధ ధ్యాన పద్ధతులు నలభైని వరసపెట్టి చెబుతుంది. ఊపిరి గమనించడం, అంటే ఆనాపాన, దగ్గరికి వచ్చేసరికి ఆయన ఉదాహరణకు పిలిచింది ఏ మునినో కాదు, ధాన్యం కొలిచేవాణ్ని. కొలిచేవాడు కుంచం నింపి ‘ఒకటి’ అని కుమ్మరిస్తాడు. మళ్లీ నింపుకుంటూ, కంటబడ్డ చెత్త ఏరేస్తూ ‘ఒకటి, ఒకటి’ అంటూనే ఉంటాడు. కొత్తగా కూర్చున్నవాడు ఊపిరిని అంత నింపాదిగా కొలవాలి అంటాడు. మా తాతకూ ఆ పుస్తకానికీ తేడా ఒక్క ‘లాభం’ దగ్గరే.

నేను పనిచేసేది రాయదుర్గంలో. జీన్స్ ప్యాంట్లు కుట్టే అనంతపురం జిల్లా రాయదుర్గం కాదు, హైదరాబాదు మెట్రో బ్లూ లైను చివరి స్టేషను. 2019 నవంబరులో ఇక్కడిదాకా రైలు వచ్చింది. బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపిన ఈ చోట అందరం ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంటాం. టికెట్లు, గంటలు, రేటింగులు, అమెరికాలో ఉన్న మేనేజరు నిద్రలేచే టైము. ఈమధ్య ఊపిరి కూడా ఆ జాబితాలో చేరింది. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ రూములో లైట్లు తగ్గించి ఇరవై నిమిషాలు ‘మైండ్‌ఫుల్‌నెస్’ పెడతారు. ఫోనులోంచి ఒక మెత్తటి గొంతు రిలాక్స్ అవమంటుంది. సగం మంది నిజంగానే నిద్రపోతారు. వాళ్లను తప్పుపట్టను, ఆ వేళకు ఎవరికైనా కునుకు వస్తుంది. కానీ ఊపిరి గురించి బుద్ధఘోషుడు చెప్పే ఉపమానాల్లో పని లేనివాడు అరుదు. కొలుస్తారు, మేపుతారు, దున్నుతారు, కాపలా కాస్తారు. ఆయన నేర్పేది పని.

ఆ పనికి కొలతలున్నాయి. లెక్క అయిదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు, మధ్యలో తెగకూడదు. అయిదులోపే ఆపితే ఇరుకు దొడ్డిలో కుక్కిన పశువుల్లా మనసు పెనుగులాడుతుంది. పది దాటనిస్తే ఊపిరిని వదిలేసి అంకెను పట్టుకుంటుంది. (అసలు పని వదిలేసి దాన్ని కొలిచే అంకె వెంట పరిగెత్తడం గురించి రాయదుర్గం వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.) మధ్యలో తెగితే ఇంతకీ నా సాధన పూర్తయిందా లేదా అన్న అనుమానం పట్టుకుంటుంది.

నిదానపు లెక్క కుదిరాక కొలిచేవాణ్ని పంపించేసి పసులకాపరిని తీసుకొస్తాడు. కాపరి తెల్లవారుతూనే ఒడి నిండా గులకరాళ్లు వేసుకుని, పగ్గం, ములుగర్ర పట్టుకుని దొడ్డికి వెళతాడు. పశువుల వీపుల మీద ఒక్కటేసి లేపి, గడియ కొయ్య మీద ఎక్కి కూర్చుంటాడు. గడప దగ్గరికి వచ్చిన ఒక్కో ఆవుకూ ఒక్కో రాయి జారవిడుస్తూ ‘ఒకటి, రెండు’ అంటాడు. రాత్రంతా ఇరుకులో నలిగిన పశువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపుగా వచ్చేస్తాయి. అతని లెక్క కూడా పరుగందుకుంటుంది. శ్రద్ధ కుదిరినకొద్దీ ఊపిరి కూడా అలాగే వెంటవెంటనే స్పష్టంగా తెలుస్తుందట. అప్పుడు దాని వెంట లోపలికీ వెళ్లకూడదు, బయటికీ వెళ్లకూడదు. గడప దగ్గరే కూర్చుని అయిదు దాకా, మళ్లీ మొదటినుంచి ఆరు దాకా, అలా పెంచుతూ పది దాకా గబగబా లెక్కపెట్టాలి. ఎన్నాళ్లు? లెక్క లేకుండానే మనసు ఊపిరి మీద నిలిచేదాకా. అంకె ఉన్నది బయటి ఆలోచనల్ని తెంపడానికే. ఆ పని కాగానే దాన్ని వదిలేయాలి.

ఆ గడప ఎక్కడుంది? పొడుగు ముక్కువాళ్లకు ముక్కు కొనన, పొట్టి ముక్కువాళ్లకు పై పెదవి మీద. ఇది నా చమత్కారం కాదు, పుస్తకంలో ఉన్నదే. అక్కడ కూర్చున్నవాడికి ఆయన ఇచ్చిన పోలిక నగర ద్వారపాలకుడు. ఊరి లోపలున్న వాళ్ల గురించీ, బయట తిరిగే వాళ్ల గురించీ అతను ఆరా తీయడు. ఎదురుగా ద్వారం దగ్గరికి వచ్చినవాణ్ని మాత్రం చూస్తాడు. మా బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న చేసేదీ సరిగ్గా ఇదే. నేను ఏ పేట నుంచి వచ్చానో, ఏ అంతస్తుకు పోతానో అతనికి పట్టదు. కార్డు చూస్తాడు, మొహం చూస్తాడు, తర్వాతివాణ్ని చూస్తాడు. పొద్దున తొమ్మిదింటికి ఒక్కక్షణం చూపు తప్పినా నలుగురు దూరిపోతారు.

ఇక్కడే ఒక చిక్కు. వేరే ధ్యానాల్లో ఆలంబన, అంటే మనసు పట్టుకునే వస్తువు, రోజురోజుకూ స్పష్టమవుతుంది. ఊపిరి మాత్రం గమనించేకొద్దీ సన్నబడి, చివరికి లేనట్టే అయిపోతుంది. సాధకుడు కంగారుపడి ఆసనం దులుపుకుని లేచిపోతాడేమోనని బుద్ధఘోషుడు ముందే పట్టుకుంటాడు. ఊపిరి ఉండనిది ఎవరికి? తల్లి కడుపులో ఉన్నవాడికి, నీళ్లలో మునిగినవాడికి, చచ్చినవాడికి, నాలుగో ధ్యానంలో ఉన్నవాడికి, ఇలా కొందరికే. నువ్వు వాళ్లలో ఎవరివి? ఎవరివీ కాదు కనుక ఊపిరి ఉంది, నీ చూపే మొద్దుబారింది, కూర్చో అంటాడు. తప్పిపోయిన ఎద్దుల కోసం తెలివైన రైతు అడవంతా గాలించడట. పగ్గం, ములుగర్ర పట్టుకుని అవి రోజూ నీళ్లు తాగే రేవుకు పోయి అక్కడే నడుం వాలుస్తాడు. మేసి మేసి దాహమేసిన ఎద్దులు అక్కడికే వస్తాయి.

ఇంత వ్యవసాయం తెలిసినవాడు ఏ ఊరివాడు? గ్రంథం చివర ఆయన్ను మోరండఖేటక వాసి అన్నారు. అది గుంటూరు సీమలోదేనని వాదించిన పండితులున్నారు. సింహళ వంశచరిత్ర మాత్రం బోధగయ దగ్గర పుట్టాడంటుంది. మనవాడేనని జెండా పాతే తొందర నాకు లేదు. తెలుగు నేలకూ లంకకూ ఉన్న సంబంధానికి అంతకంటే గట్టి ఆధారాలు వేరే ఉన్నాయి. వినయ పిటకం మీది పాలీ వ్యాఖ్య ‘అంధకట్ఠకథ’ అనే పాత వ్యాఖ్యానాన్ని పేరుపెట్టి ఉదహరిస్తుంది. ఆంధ్ర దేశపు భిక్షువుల ఆ పుస్తకం ఇప్పుడు లేదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి, అంటే 3వ శతాబ్దపు, శాసనం ఒకటి దొరికింది. బోధిసిరి అనే గృహిణి సింహళ థేరుల కోసం చైత్యగృహం కట్టించిన సంగతి అందులో ఉంది. కృష్ణ ఒడ్డుకీ లంకకీ మధ్య రాకపోకలు అంత మామూలు. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, బయటపడినవాటిలో కొన్నిటిని కొండ మీదికీ అనుపుకీ చేర్చారు.

ఆ తర్వాత ఈ విద్య తెలుగు నేల మీద కనుమరుగైంది. తిరిగి వచ్చింది బర్మా మీదుగా. ఎవరి చేతులు మారుతూ వచ్చిందో చూడండి. లేడీ సయాడో అనే భిక్షువు గృహస్థులకూ నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్న సయా తెట్‌జీ వరి పండించే రైతు. ఆయన దగ్గర 1937లో కూర్చున్న ఊ బా ఖిన్ గుమాస్తాగా చేరి, స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంట్ జనరల్ అయినవాడు. తన ఆఫీసు ఉద్యోగులకు ఆఫీసులోనే ధ్యానం నేర్పాడు. ఆయన శిష్యుడు సత్యనారాయణ గోయెంకా మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. రైతు, లెక్కల అధికారి, వర్తకుడు. ముగ్గురూ కొలిచి బతికినవాళ్లే.

గోయెంకా మొదట వెళ్లింది మోక్షం కోసమేమీ కాదు. మార్ఫిన్ సూదులకు గానీ లొంగని పార్శ్వపు నొప్పి. ఊ బా ఖిన్ ఆయన్ను వెనక్కి పంపబోయాడు. తలనొప్పి మందుకోసమే వస్తే ధర్మం విలువ తగ్గించినట్టు, మనసు శుద్ధి కావాలంటే రా, నొప్పి పోతే అది దారిలో దొరికే చిల్లర అన్నాడు. ఈ కథ గోయెంకాయే చెప్పుకునేవాడు. స్ట్రెస్ తగ్గుతుందా అని అడిగే మా ఫ్లోరులోని కుర్రాళ్లకు నేను ఇదే చెబుతుంటాను. వాళ్లకు నచ్చదు.

1955లో ఆ మొదటి శిబిరం. 1969లో భారతదేశం వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. 1976లో ఇగత్‌పురితో పాటు హైదరాబాదులోనూ కేంద్రం వెలిసింది. వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉంది. పేరు ధమ్మఖేత్త. ఖేత్త అంటే క్షేత్రం, మన మాటల్లో చేను.

అక్కడి పది రోజుల కోర్సులో అంకెలు లేవు. అంకె, మంత్రం, రూపం, ఏదీ వద్దంటారు. ఉన్న ఊపిరిని ఉన్నట్టు చూడాలి. మొదటి మూడు రోజులూ ముక్కు, తర్వాత ముక్కు కింది నుంచి పై పెదవి దాకా ఉన్న జానెడు కూడా కాని చోటు. అంతే పని, పొద్దున నాలుగు గంటల గంట నుంచి రాత్రి తొమ్మిది దాకా. నాలుగో రోజు విపశ్యన ఇస్తారు. నడినెత్తి నుంచి కాలి వేళ్ల దాకా ఒళ్లంతా జల్లెడ పట్టినట్టు వెతుకుతూ, ఎక్కడ ఏ స్పర్శ తగిలితే దాన్ని గమనించి ముందుకు పోవడం. అప్పటినుంచి రోజుకు మూడుసార్లు అధిష్ఠానం. గంటసేపు కళ్లు తెరవకుండా, చేతులూ కాళ్లూ కదపకుండా కూర్చోవాలి.

నేను కూర్చున్నప్పుడు నలభై నిమిషాలకల్లా ఎడమ మోకాలు నిప్పుల కుంపటి అయింది. ఇంకో నిమిషం ఉంటే విరిగిపోతుందనిపించింది. పారిపోవడానికి దారి లేక దాన్నే చూశాను. చూస్తుంటే అది ఒక్క నొప్పి కాదు. చిప్ప కింద వేడి, లోపలి వైపున సూది పోటు, తొడ దాకా ఒక లాగుడు. మధ్యమధ్య ఏమీ లేని ఖాళీలు కూడా ఉన్నాయి. ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతోంది. ‘నా మోకాలు పోయింది, జన్మలో నడవలేను’ అన్నది మాత్రం మోకాలిలో ఎంత వెతికినా దొరకలేదు. గంట మోగాక కాలు చాపితే అర నిమిషంలో మామూలైంది.

కిటుకు అక్కడుంది. బుద్ధుడు చెప్పిన కారణాల గొలుసులో ఇంద్రియానికి ఏదో తగలడం స్పర్శ. దానివల్ల కలిగే సుఖమో బాధో వేదన. దాన్ని కావాలనుకోవడమో వద్దనుకోవడమో తృష్ణ. తగలడాన్ని ఆపలేం. ఫోను టింగుమంటుంది, గుండె ఒక్కసారి జారుతుంది, చెయ్యి జేబులోకి పోతుంది. గుండె జారడానికీ చెయ్యి కదలడానికీ మధ్య ఒక సందు ఉంది. పది రోజులూ తవ్వేది ఆ సందునే. వేదనను చూస్తూ దానికి బదులివ్వకుండా ఉండటాన్నే ఉపేక్ష అన్నారు. తెలుగులో ఆ మాట పాడైపోయి నిర్లక్ష్యం అయింది గానీ, ఇక్కడ అర్థం తూకం చెదరని చూపు.

దీనికి ముందు ఇంకో సంగతి ఉంది. కోర్సులో చేరిన సాయంత్రమే పంచశీలాలు తీసుకోవాలి. చంపను, దొంగిలించను, లైంగిక దుష్ప్రవర్తన చేయను, అబద్ధమాడను, మత్తు ముట్టను. తొమ్మిది రోజులు మౌనం. ఫోను లాకరులో. మా వాళ్లకు అయిదు శీలాల కంటే ఆ లాకరే గండం. అబద్ధాలాడి వచ్చి కూర్చుంటే మనసు ఆ అబద్ధాన్ని కాపాడుకునే పనిలోనే ఉంటుంది, ఊపిరి దగ్గరికి రాదు. శీలం ముందు వచ్చింది అందుకే. 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ ఈ సాధనను ఆసుపత్రి రోగుల కోసం ఎనిమిది వారాల పద్ధతిగా మలిచాడు. తగ్గని నొప్పులతో బతికేవాళ్లకు అది మేలే చేసింది. అక్కడినుంచి కంపెనీలకు చేరే దారిలో శీలం జారిపోయింది. 2019లో రొనాల్డ్ పర్సర్ ‘మెక్‌మైండ్‌ఫుల్‌నెస్’ అనే పేరుతో దీని మీద పుస్తకమే రాశాడు. నా ఫిర్యాదు అంతకంటే చిన్నది. బుద్ధుడి అష్టాంగమార్గంలో సమ్యక్ స్మృతికి, అంటే ఈ మైండ్‌ఫుల్‌నెస్‌కే, రెండు మెట్ల ముందు సమ్యక్ ఆజీవం ఉంది, అంటే బతుకుతెరువు సంగతి. మూడింటి సెషన్‌లో ఆ ఊసు ఎప్పుడూ విన్లేదు.

ఇంకోమాట కూడా చెప్పాలి. ఇన్ని రోజుల మౌనం అందరికీ పడదు. మానసిక అనారోగ్యం ఉందా అని దరఖాస్తులోనే అడుగుతారు. అక్కడ నిజం రాయాలి, డాక్టరును అడిగి గానీ వెళ్లకూడదు.

మొన్నో ఆదివారం రాయదుర్గంలో రైలెక్కి, జావా నేర్పే అమీర్‌పేటలో రెడ్ లైను మారి, చైతన్యపురిలో దిగాను. మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ పేరిట వెలసిన గోవిందరాజ విహారాన్నీ, పిండపాతికులనూ అది ప్రస్తావిస్తుంది. 4, 5 శతాబ్దాల నాటిదంటారు. హైదరాబాదు నగరంలో దొరికిన శాసనాల్లో ఇదే పాతదంటారు. పిండపాతికులంటే ఇల్లిల్లూ తిరిగి భిక్షాపాత్రలో పడిందే తిని బతుకుతామని వ్రతం పట్టిన భిక్షువులు. విశుద్ధిమగ్గ రెండో అధ్యాయంలో వాళ్ల నియమాలున్నాయి. ధమ్మఖేత్తలో ఇప్పటికీ రుసుము లేదు. కోర్సు పూర్తిచేసినవాళ్లు ఇచ్చిన డబ్బుతో, పాత సాధకులు వండి వడ్డించిన అన్నం తింటాం. ఉప్పు తక్కువైందని అనడానికి నోరు లేదు, మౌనం కదా. నెలకు లక్షలు తెచ్చుకునేవాళ్లం కంచం పట్టుకుని వరసలో నిలబడినప్పుడు మొదటి రోజు నాకు కొంచెం సిగ్గేసింది. మూడో రోజుకు ఆకలి మాత్రమే మిగిలింది.

తిరుగు ప్రయాణంలో సీటు దొరికింది. కళ్లు మూసుకుని తాత లెక్కన మొదలుపెట్టాను. లాభం, లాభం. రెండు, రెండు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి అయిదు. ముసారాంబాగ్‌లో ఎవరో కాలు తొక్కారు. అక్కడినుంచి సోమవారం రివ్యూలో ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఉన్నానని మలక్‌పేటలో తెలిసింది.