ప్రతిధ్వనితో మత్స్యగణన

కృష్ణానదికి తొలి వరద తగిలి జూరాల గేట్లు ఎత్తు దినములలో, గ్రుడ్లు నిండిన చేప ఒరవడిని వెదకుకొనుచు ఎదురెక్కునని గద్వాల, వనపర్తి తీరముల బెస్తలును, నాగర్‌కర్నూలు జిల్లా సోమశిలయొద్ద శ్రీశైలము వెనుకజలములలో వెదురు పుట్టి వేయు జాలరులును ఎరుగుదురు. చేప కదలు వేళ వారికి తెలియును. ఎన్ని తల్లిచేపలు కదలినవో మాత్రము ఎంతటి అనుభవశాలి కంటికిని అందదు. అట్టి లెక్కను ధ్వనిచే తీయు విద్య ఉత్తర అట్లాంటిక్ సముద్రమున, ముఖ్యముగా మన పులసకు దూరపు జ్ఞాతియైన హెర్రింగు వేటనాశ్రయించి పెరిగినది.

1935లో ఆస్కార్ సుండ్ అను నార్వే శాస్త్రజ్ఞుడు కాడ్ చేపల గుంపులు ప్రతిధ్వనియంత్రపు కాగితముపై గీతలై పడుటను ప్రకటించెను. నేడు ఓడ అడుగునుండి సాధారణముగా 38 కిలోహెర్ట్జుల ధ్వనిస్పందమును క్రిందికి పంపుదురు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును గనుక, సెకనులో ఏబదవ వంతులో మరలివచ్చిన ప్రతిధ్వని 15 మీటర్ల లోతున నున్న వస్తువును తెలుపును. ఆ ప్రతిధ్వనిలో అధికభాగము చేప కడుపులోని గాలితిత్తినుండి వచ్చునదే. ధాన్యపురాశి తూకమును ఒక గింజ తూకముచే భాగించినట్లు, గుంపు ప్రతిధ్వనుల మొత్తమును ఒక్క చేప ప్రతిధ్వనిచే భాగించిన సంఖ్య తేలును.

అయినను ఈ గణన యంత్రమునకే విడువదగినది కాదు. లోతునకు దిగిన హెర్రింగు గాలితిత్తి నీటి ఒత్తిడికి కుదించుకొని ప్రతిధ్వని సన్నగిల్లును. గులకరాళ్ళపై గ్రుడ్లు పెట్టుటకు అడుగునంటిన చేప నేల ప్రతిధ్వనిలో కలసిపోవును. కావున గ్రుడ్లు పెట్టుటకు ముందే, గుంపులు నీటినడుమ కూడియున్నప్పుడు, సమాంతరరేఖలపై ఓడ నడపి కొలిచెదరు. వెంటనే వల వేసి జాతిని, పొడవును, గ్రుడ్లు పండిన స్థితిని పరీక్షించెదరు; ఏలయన ధ్వని చేప యున్నదని చెప్పునే గాని దాని పేరు చెప్పదు.

ఈ లోపము మన జలాశయములలో మఱింత గాఢమగును. హెర్రింగు గుంపు తరచుగా ఏకజాతీయము. జూరాలలోనో, బొచ్చె, రోహు, వాలుగ, జెల్ల కలసి తిరుగును. లోతు తక్కువయైనచోట పడవ క్రింది ధ్వనిశంకువు సన్ననిదై, చేప ప్రక్కకు తొలగిపోవును. అందుచే ధ్వనిని అడ్డముగా ప్రసరింపజేయవలెను, రేయి చేపలు అడుగు విడిచి చెదరినప్పుడు కొలువవలెను. ఏ మలుపున ఏ చేప నిలుచునో, ఏ కన్ను వల ఏ చేపను పట్టునో చెప్పగలవాడు పుట్టివాడే. యంత్రమునకు అతడు సాక్షి, అతనికి యంత్రము గణకుడు.

ఈ విద్యకు విలువ వేటకు ముందు తెలియును. 1960వ దశకపు చివర నార్వే హెర్రింగు అతివేటచే దాదాపు అంతరించి, కోలుకొనుటకు రెండు దశాబ్దములు పట్టెను. మన యొద్దనో, 2016 మొదలు తెలంగాణ ప్రభుత్వము ఉచితముగా చేపపిల్లలను జలాశయములలో విడుచుచున్నది; అలివి వలలేమో సన్నకన్నులతో ఆ పిల్లలనే తుడిచిపెట్టుచున్నవి. విడిచిన పిల్లల సంఖ్య దానమునకు కొలత. మిగిలిన తల్లిచేపల సంఖ్యయే పోషణకు కొలత. ఎంత పట్టవచ్చునని నిర్ణయించుటకు ఈ రెండవ కొలతయే ఆధారము కావలెను.