మసక వేళ కోడి చూపు

సాగర్ ఎడమ కాల్వ నీళ్ల మీద ఎండ ఎర్రబడగానే వేములపల్లిలో మా వాకిట్లోని కోళ్లు మెడలు సాచి పైకి చూస్తాయి. కాసేపట్లో వాటికి పడకచోటు దొరకాలి. "మసకపడితే కోడికి కండ్లుండయి బిడ్డా, మన కండ్లే దానికి" అనేది మా నాయనమ్మ.

ఆమె రోజుల్లో నాటుకోళ్లు గోడెక్కి, అక్కణ్నుంచి వేపకొమ్మ ఎక్కి పడుకునేవి. కోడి కొమ్మ మీద కూర్చుని కాళ్లు ముడిస్తే చాలు, లోపలి నరం బిగిసి వేళ్లు వాటంతటవే కొమ్మను పట్టుకుంటాయి. అందుకే నిద్రలోనూ జారిపడదు. పిల్లల కోడిని మాత్రం నాయనమ్మ గంప కింద మూసి పైన రాయి పెట్టేది.

నాలుగేళ్ల కింద నేను వనరాజా పిల్లలు తెచ్చాను. పెరటి పెంపకం కోసం రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకమది. నాటుకోడి కన్నా బరువు, కొమ్మ దాకా ఎగరలేదు. అవి గోడ మూలన ఒదిగి పడుకునేవి. ఒక రాత్రి పిల్లి పడింది. తెల్లారి చూస్తే రెండు కోళ్ల ఈకలే మిగిలాయి. ఆ తప్పు నాదే.

వేపచెట్టు కిందే గూడు కట్టించాను. మోకాలెత్తు కాళ్లు, గాలాడేలా చుట్టూ జాలీ. ముంగిస దూరకుండా కండ్లు చిన్నవి పెట్టించాను. లోపల నున్నగా చెక్కిన కర్ర, జానెడు ఎత్తులోనే. బరువు కోడి ఎత్తు నుంచి దూకితే కాళ్లు దెబ్బతింటాయి.

మొదటి ఐదు రోజులు తలుపు తీయలేదు. మేతా నీళ్లూ లోపలే. ఆరోనాడు పొద్దుగూకడానికి గంట ముందు వదిలాను. మసకపడే వేళకు నూకల డబ్బా ఆడిస్తూ "బోబోబో" అని పిలిచాను. మిర్యాలగూడ మిల్లులు దగ్గర, మాకు నూకలకు కొదవ లేదు. అన్నీ వచ్చాయి, ఒక బూడిదరంగు పెట్ట తప్ప. అది గడప మీద ఒంటికాలెత్తి లోపలికి చూసి, వెనక్కి తిరిగి గోడ మూలకే పోయింది.

తరమలేదు. తరిమితే గూడంటేనే భయం పడుతుంది. బాగా చీకటి పడ్డాక రెక్కల మీదుగా రెండు చేతులతో ఎత్తి, కర్రను దాని రొమ్ము కింద ఆనించాను. కాలు తనే ఎత్తి కర్ర మీద పెట్టింది. పన్నెండు రాత్రులు అలాగే ఎత్తుకొచ్చాను. పదమూడోనాడు అన్నిటికన్నా ముందు అదే లోపలికెళ్లింది.

ఇప్పుడు ఎక్కడున్నా ఆ వేళకు ఇల్లు చేరతాను. గడియ వేసే ముందు చీకట్లోనే చేత్తో తాకుతూ లెక్కపెడతాను. పదకొండు. నా చెయ్యి తగిలితే బూడిదరంగు పెట్ట కొంచెం గునిసి, ఈకలు సర్దుకుని, మళ్లీ కండ్లు మూసుకుంటుంది.